పక్షి దోషం

ఎనిమిదో నెల నడుస్తున్నా హర్షకి మెడ నిలబడలేదు. ఎత్తుకుంటే తల తడిగుడ్డలా దీప్తి భుజం మీద వాలిపోయేది. కోడూరులో చూసినవాళ్లంతా పక్షి దోషమన్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఏ పక్షో మీద నుంచి ఎగిరిపోయి నీడ పడిందట. అందుకని ఆదివారం పొద్దున్నే అత్తగారు రావమ్మ ఒక నల్లకోడిని కాళ్లు పట్టుకుని పిల్లాడి చుట్టూ తిప్పింది. కోడి రెక్కలు టపటపలాడిస్తుంటే హర్ష కళ్లు దాని వెంటే చురుగ్గా తిరిగాయి.

"కళ్లు చూడండత్తయ్యా, ఎంత తెలివిగా చూస్తున్నాడో!"

"కళ్లు మా వాళ్లవి. నడుం మీ అమ్మది. చచ్చు నడుం," అంది రావమ్మ.

దీప్తి ఆవిడకి స్వయానా అన్న కూతురు. మేనరికమని ఏరికోరి, పదో తరగతితో చదువు మాన్పించి మరీ కొడుకు ప్రేమ్ సాగర్‌కి చేసుకుంది. అయినా పిల్లాడిలో మంచి కనబడితే తన పుట్టింటిది, చెడు కనబడితే వదినగారిది.

బందరులో పిల్లల డాక్టరు శ్రీలక్ష్మి మాత్రం పక్షి మాట ఎత్తలేదు. హర్ష రక్తపరీక్ష ఫలితం వచ్చాక దీప్తిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"జాకెట్లు కుడతానన్నావుగా. గుడ్డ కత్తిరించి, అక్కర్లేని ముక్కలు తీసేసి, కావాల్సినవి కలిపి కుడతావు. ఒంట్లో ప్రతి కణమూ జన్యువుతో ఆ పనే చేస్తుంది. ఒకే గుడ్డని ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా కుట్టుకోగలదు. నరాల్ని బతికించే జన్యువొకటుందమ్మా. చేపలో, కోడిలో, ఎలుకలో, మనలో దాదాపు అదే. అందులో ఒక ముక్కని కోట్ల ఏళ్లుగా ప్రతి ప్రాణీ వదలకుండా కుట్టుకుంటూ వస్తోంది. వదిలితే బతకదు గనక. మనిషిలో మాత్రం ఆ జన్యువుకి రెండో ప్రతి ఒకటుంది. అది ఆ ముక్కని చాలాసార్లు వదిలేస్తుంది. మీ వాడికి ఆ మొదటి, అసలైన ప్రతి లేదు. ఆ రెండోదే దిక్కు."

దీప్తి వాలిపోతున్న హర్ష తలని మోచేతి మీదికి సర్దుకుంది.

"అయితే కోడికి కూడా సరిగ్గా కుట్టుకోవడం వచ్చాండీ?"

డాక్టరు అవునన్నట్టు తలూపింది. "రోజూ పట్టించే మందుంది. ఆ ముక్కని వదలకుండా కుట్టిస్తుంది. పోయిన నరాలు తిరిగి రావు, ఉన్నవాటిని నిలబెట్టుకోవాలి. ఆలస్యమైతే ఊపిరికీ కష్టమే. మనం కొనలేం గానీ ఒక సంస్థ ఉచితంగా ఇస్తుంది. తల్లీతండ్రీ ఇద్దరి రక్తం అడుగుతారు. మీ ఆయన్ని వెంటనే తీసుకురా. ఇంకోమాట. లోపం మీ ఇద్దరిలోనూ దాగుంది, బహుశా మీ అత్తగారి పుట్టింటిదే. ఆ ఇంట్లో మళ్లీ మేనరికం అనుకుంటే ముందు పరీక్ష చేయించుకోమను."

ఆ ఇంట్లో మేనరికం అప్పటికే కుదిరింది. ఆడపడుచు ఉమాశ్రీని గుడివాడలో రావమ్మ తమ్ముడి కొడుకు కార్తికేయకి ఇస్తున్నారు. ఉమ పట్టుచీరలకి వెళ్లిన సమయం చూసి దీప్తి అత్తకీ, మొగుడికీ అంతా చెప్పింది.

"నోర్ముయ్! మా పుట్టింటికి అంటగడతావా?" రావమ్మ విరుచుకుపడింది. "ఈ మాట గుడివాడ చేరిందో, మా మరదలు సంబంధం వదిలించుకుంటుంది. దానికసలే పైసంబంధాల మీద కన్ను. ఉమ మెళ్లో తాళి పడేదాకా మా వాడు రక్తమూ ఇవ్వడు, బందరూ రాడు. ఎవరడిగినా పక్షి దోషమని చెప్పు. ఎవరడిగినా!"

"అప్పటిదాకా వీడు ఆగుతాడా అత్తయ్యా?"

"ఆగకపోతే ఇంకొకణ్ణి కను. అరిగిపోతావా?"

"బావా, నువ్వయినా చెప్పు."

ప్రేమ్ సాగర్ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. "చెరువులో రొయ్యలు పైకి తేలుతున్నాయే. ఊపిరి ఆడట్లేదు వాటికి. ఏరియేటర్లు వేసొస్తా."

"వీడికీ ఆడట్లేదు బావా."

అప్పటికే బండి స్టార్టయింది.

దీప్తి ఒక్కతే బస్సెక్కి వెళ్లి తన రక్తం ఇచ్చింది. రెండో మనిషి రక్తం కోసం డాక్టరు రెండుసార్లు ఫోన్ చేసింది. ఈలోగా ముసురు పట్టింది. పిల్లాడికి జలుబు చేసి, అది ఛాతీలోకి దిగింది. బందరు ఆసుపత్రిలో ఏడవడానికి కూడా ఊపిరి చాలక, నోరు తెరిచి చప్పుడు లేకుండా ఏడ్చాడు. కళ్లు మాత్రం చివరిదాకా తల్లి మొహం మీదే చురుగ్గా తిరిగాయి.

పసివాడు పోతే మైల ఎంతో ఉండదని రావమ్మ ముహూర్తం మార్చనివ్వలేదు.

గుడివాడలో పెళ్లికూతురి గదిలో ఉమ జాకెట్టుకి దీప్తి హుక్స్ పెడుతోంది. ఆ జాకెట్టు తనే కుట్టింది. బయట సన్నాయి మొదలైంది. అత్తింట్లో హర్షని ముద్దుచేసిందీ, వాడి కోసం అన్నం మానేసి ఏడ్చిందీ ఉమ ఒక్కతే.

"వదినా, నిజం చెప్పు. బందరు డాక్టరు మేనరికం గురించి ఏదో అందట కదా? అన్నయ్య తాగి గొణిగాడు. నేనూ బావా రక్తం చూపించుకోవాలా? నువ్వు ఊఁ అంటే ఇప్పుడే పెళ్లి ఆపేస్తా. ఒట్టు."

దీప్తి చేతులు ఆగాయి. తలుపు సందులోంచి వియ్యపురాలి పక్కన రావమ్మ కనబడుతోంది, తాంబూలం నములుతూ, పగలబడి నవ్వుతూ.

దీప్తి చివరి హుక్కు బిగించింది.

"అదేం లేదమ్మా. పక్షి దోషం."

"హమ్మయ్య!" ఉమ వెనక్కి తిరిగి వదినని కావలించుకుంది. దీప్తి కదల్లేదు.

పీటల మీదికి తీసుకెళ్లడానికి వచ్చిన రావమ్మ గుమ్మంలోనే ఆగింది. కూతురు వెళ్లేదాకా చూసి గొంతు తగ్గించింది. "ఏమడిగింది నిన్ను?"

"పిల్లాడికేమైందని. మీరు చెప్పమన్నదే చెప్పాను అత్తయ్యా."

పెళ్లయి వచ్చాక మొదటిసారి, రావమ్మ కోడల్ని మెచ్చుకోలుగా చూసింది.