పైవరసలో ప్రెసిడెంటు సారు

నల్గొండలో కూర్చుని పోచంపల్లి చేనేత సంఘం సర్వరుకు అడ్రసులు మారుస్తున్నాడు సైదులు. అది విడిగా పెట్టె ఉన్న సర్వరు కాదు, సంఘం ఆఫీసులోని పెద్ద కంప్యూటరు కడుపులో నడిచే ఉత్తుత్తి సర్వరు. నేతగాళ్ల డిజైన్లు మాత్రం ఉత్తుత్తివి కావు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆజ్ఞలన్నీ ఒక స్క్రిప్టులో వరసగా రాసి ఎంటర్ కొట్టాడు. మొదటి వరసకే సర్వరుతో లైను తెగింది, మిగతా ఆజ్ఞలు అవతలికి చేరలేదు. చిరునామా మారింది, చిరునవ్వు మాయమైంది.

చౌటుప్పల్‌లో బస్సు మారి, ఎండలో పోచంపల్లి చేరేసరికి డిజైన్ల కోసం పన్నెండు మంది నేతగాళ్లు సంఘం అరుగు మీద ఎదురుచూస్తున్నారు. సగం మారిన సర్వరు ఎవరికీ తెరుచుకోవడం లేదు.

“ఏం జేసినవ్ తమ్మీ? పొద్దుగాల్నించి పని బందైంది,” అంది గుమాస్తా భారతమ్మ.

“నువ్విచ్చిన లిస్టు ఉన్నదున్నట్టు ఎక్కించిన అక్కా. నేను లోపలికొచ్చే అడ్రసే అన్నిటికన్న పైన రాసినవ్. అది మారంగనే నా లైను తెగి బయట పడ్డ.”

“అది ప్రెసిడెంటు సారు వాడే అడ్రసు. పెద్దమనిషిని అడుగున రాస్తరా?”

కోప్పడే ఓపిక కూడా సైదులుకు మిగల్లేదు. పెద్ద కంప్యూటరు ముందే కూర్చుని సర్వరుకు పాత అడ్రసు తిరిగిచ్చాడు. సారు వరసను చిట్టచివరికి దించి, తన ల్యాప్‌టాప్‌లో స్క్రిప్టు మళ్లీ నడిపాడు. ఈసారీ లైను తెగింది, కానీ అప్పటికి పనంతా అయిపోయింది. డిజైన్లు తెరుచుకున్నాయి.

“అడుగున ఎందుకు రాసినవని సారు అడిగితే ఏం జెప్పాలె?”

“అందర్ని ముందు పోనిచ్చి, తను ఆఖరికి కదిలిండని చెప్పు. పెద్దమనిషి గదా!”

భారతమ్మ నవ్వుతూ మొదటి డిజైన్ ప్రింటు పట్టుకుని అరుగు మీదికి పోయింది. సైదులు బల్ల మీద ఒరిగి కళ్లు మూసుకున్నాడు.