తడిపిన గోడ

స్తుతి తీసే ఫోటోల్లో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, ఇది ఫలానా వస్తువని పోల్చుకునే వీలు కూడా ఉండదు. హాయిగా పెళ్లి ఫోటోలు తీసుకోక ఈ పిచ్చేమిటని బద్వేలు బంధువులంతా తలలు పట్టుకున్నారు. ఆ పిల్ల వింటేనా! స్నేహితుడు హెన్రీ రాసిన ‘రాతి దాహం’ అనే కవిత చదివి, ఒక్కో పాదానికి ఒక్కో ఫోటో తీస్తానని పంతం పట్టింది. కర్నూలులో ప్రదర్శనకు హాలు కూడా మాట్లాడేసింది.

తండ్రి ప్రకాశం కడప దగ్గర నాపరాళ్ల గనిలో పనిచేస్తాడు. అక్కడి రాతిగోడనే ఆమె ఎంచుకుంది. ఎండు రాయి బూడిద రంగులో చప్పగా ఉంటుంది. తడిస్తే మాత్రం నల్లగా నిగనిగలాడుతుంది. అందుకని, మధ్యాహ్నం అందరూ అవతలి గట్టున అన్నాలు తినేటప్పుడు నీళ్ల ట్యాంకరు పైపు లాక్కొచ్చి గోడ పైఅంచు నుంచి నీళ్లు వదిలేది. ఫోటోలు తీసుకునేది. మండే ఎండకు, వాళ్లు మళ్లీ దిగేసరికి గోడ ఆరిపోయేది. ఎవరికీ అనుమానం రాలేదు.

నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, మధ్యలో ఎర్రమట్టి. అది నానితే పొర జారుతుంది. అందుకే వాన పడితే గోడ కిందికి ఎవరూ పోరు, ఆ గనిలో అదొక కట్టుబాటు. ఈ ఏడు చినుకు లేదు కనుక అందరూ గుండెమీద చెయ్యేసుకుని పని చేస్తున్నారు. హాస్టళ్లలో పెరిగిన స్తుతికి ఈ సంగతి ఎవరు చెప్పారు గనక?

ఒకరోజు, అందరూ మళ్లీ గనిలోకి దిగాక, ట్యాంకరు నీడన కూర్చుని ఫోటోలు వరసగా చూసుకుంటోంది. మొదటిదాంట్లో వెంట్రుకంత గీత. ఇవాళ్టి ఫోటోలో అదే గీతలో వేలు పట్టేలా ఉంది. దగ్గరగా తీశానేమో అనుకుంది. పక్కనున్న తెల్లచార మాత్రం రెండింట్లోనూ ఒకే వెడల్పు. అంటే పెరిగింది గీతే. గట్టు మీదికి పరిగెత్తింది.

"నాయనా! పైకి రా! గోడ చీల్తాండాది!"

ప్రకాశం రొప్పుతూ ఎక్కి వచ్చాడు. "వాన ల్యాకుండా ఎట్ల చీల్తాది మ్మా?"

"నేనే నీళ్లు పోసినా నాయనా. దినామూ పోసినా. ఫోటోలో నల్లగా రావాలని..."

కొడతాడేమో అనుకుంది. కొట్టినా బాగుండేది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఒక్క మాట నన్ను అడగాలని తోచల్యా నీకు?" అని వెనక్కి తిరిగాడు.

"పోవద్దు నాయనా! ఈడ్నించే పిలువు!"

"నా బిడ్డ చేసిన పనికి వాళ్లు చావాల్నా?"

కేకలు వేస్తూ దిగాడు. మనుషులు ఉలులు పారేసి ఎక్కసాగారు. వీరభద్ర ఒక్కడే రాలేదు. మిషన్ల మోతకు ఏనాడో చెవులు పోయినవాడు, గోడ మొదట్లో ఇటు వీపు పెట్టి రాయి కొట్టుకుంటున్నాడు. ప్రకాశం అతని దగ్గరికి పరిగెత్తాడు.

గోడలోంచి ఎర్రమట్టి సన్నగా రాలడం మొదలైంది. స్తుతి కిందికి దూకబోతే ఇద్దరు రెక్కలు పట్టుకుని ఆపారు. ప్రకాశం చెయ్యి వీరభద్ర భుజం మీద పడింది. వీరభద్ర తిరిగి చూసి నవ్వాడు. చెవిటివాడు కదా, మాట పెద్దది. గట్టు మీదున్న అందరికీ వినపడింది.

"ఏమప్పా, పాప మనకు ఫోటో తీస్తాందా?"

ఆ వెంటనే గోడ కూలింది.