ఐదో గది ముందు బూట్లు

కొరియాలో పుసాన్ రేవు పక్క పాత లాడ్జిలో గదులు నెలవారీగా ఇస్తారు. మా ఇంటి పైకప్పు పని ఎంతకీ తెమలక నేను అక్కడ చేరాను. గోడలకు అంటించిన కాగితం ఊడి వేలాడేది, చలికని కింద నుంచి కాచే నేల సగమే వేడెక్కేది. కానీ ఎండు నెత్తళ్లు అమ్ముకునేదాన్ని, బజారు పక్కనే ఉండటం లాభమే కదా అనుకున్నాను.

అందరూ బూట్లు గది బయటే విడుస్తారు. వానలు పట్టాక నడవా నిండా తడి బూట్లు, వాటిలో కుక్కిన పాత పేపర్లు. ఐదో గది ముందు మాత్రం పెద్ద మగ బూట్ల జత ఒకటి పొడిపొడిగా ఉండేది. అంగట్లో కదలని సరుకు మీద నా కన్ను ఇట్టే పడుతుంది. ఆ జత కదలడం లేదు.

ఆ గదిలో ఉండే యున్‌సిల్ చేపల గిడ్డంగిలో పనిచేస్తుంది. తన భర్త రేవులో బస్తాలు మోస్తాడనీ, వేళకాని వేళల్లో వచ్చిపోతాడనీ చెప్పింది.

చివరి గది మేంగ్ డల్సుకు తాగితే వావీ వరసా ఉండదు. ఒకరోజు నన్ను ఆపాడు.

"ఏమక్కా, ఆ పిల్ల మొగుణ్ని నువ్వెప్పుడైనా చూశావా?"

"నీకెందుకురా?"

"నాకు అనుమానంగా ఉంది. రేపు సాయంత్రం సోజు సీసా పట్టుకెళ్లి తలుపు కొడతా. ఉంటే ఇద్దరం తాగుతాం. లేకపోతే..." అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. నేరుగా వెళ్లి ఐదో గది తలుపు తట్టాను.

"అమ్మాయీ, మీ ఆయన వానలో తడవడా?"

యున్‌సిల్ ముఖం పాలిపోయింది. నన్ను లోపలికి లాగి తలుపేసింది. ఒకటే పరుపు, ఒకటే గిన్నె.

"ఒంటరిగా ఉంటే గుమ్మం ముందు మగ బూట్లు పెట్టుకోమని మా అమ్మ చెప్పిందక్కా. పాత సామాన్ల కొట్లో కొన్నాను."

"కొనడం కొన్నావు, నడిపించడం మరిచావు. ఇటు తే."

మర్నాడు మూడు జతల మేజోళ్లు తొడుక్కుని, ఆ బూట్లేసుకుని చేపల బజారంతా బురదలో తిరిగాను. మేంగ్ పని నుంచి రాకముందే వాటిని ఆమె గుమ్మం ముందు విడిచాను.

సాయంత్రం నేను నడవాలో ఉండగానే అతను సీసాతో వచ్చాడు. బూట్లకు అంటిన పొలుసులు చూశాడు. మెట్ల మీది బురద అడుగులూ చూశాడు.

"ఇంత పెద్ద బూట్లేసుకుని ఇంత దగ్గరదగ్గరగా అడుగులేస్తాడేంటక్కా?"

"నెత్తిన బస్తాతో నువ్వు అంగలేసి నడువు, చూద్దాం."

మేంగ్ ఇంకా తటపటాయిస్తున్నాడు. అంతలో లోపలి నుంచి ఎవరో బొంగురు గొంతుతో దగ్గారు. సీసా కోటులోకి పోయింది, అతను తన గదిలోకి పోయాడు.

అంత మొరటు దగ్గు ఆ సన్నపిల్ల ఎక్కడ నేర్చిందో నాకిప్పటికీ అంతుపట్టదు.