పండని గూడు

చిన్నవెంకటమ్మ, పురుగులు గూళ్లు అల్లుకునే చంద్రికె తట్ట మీంచి ఒక పట్టుగూడును తుంచి చెవి దగ్గర ఆడించింది. పండిన గూడులా గలగలమనలేదు. బ్లేడుతో కొస కోసి చూసింది. లోపలి పురుగు పచ్చగా, ముట్టుకుంటే చితికేంత మెత్తగా ఉంది.

"ఇంగ రెండు దినాలు ఉండనీ. ఇప్పుడు పీకితే లోపలే చితికి గూడంతా మచ్చ పడతాది."

గోనెసంచులతో గుమ్మంలో నిలబడ్డ మునియప్ప వాటిని మడిచి గోడవార పెట్టాడు. పట్టుపురుగుల విషయంలో ఆ ఇంట్లో భార్య మాటే మాట. మల్బరీ పసరుకు నల్లబడ్డ వేళ్లతో ఆమె మళ్లీ తట్టలు సర్దసాగింది.

కూతురు పుష్పావతి తొలికాన్పు సరిగ్గా పురుగు గూడు కట్టే వారంలో పడుతుందని తెలిసినప్పుడే ఆమెకు గుబులు పట్టుకుంది. పురుటిమైల ఉన్న మనిషి పురుగుల ఇంట్లో అడుగుపెడితే పంట పోతుందని అత్త చెప్పింది. అత్తకు ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు. కాన్పు ముందే అయిపోతే మైల తీరాక పురుగు తెచ్చుకోవచ్చుననుకుంది.

ముందే కాన్పు చేయమని అడిగితే కోలారులో డాక్టర్ వీణ ససేమిరా అంది. బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పక్వానికి రాలేదు, మరో నెల కడుపులోనే ఉండాలని ఓపిగ్గా చెప్పింది. చిన్నవెంకటమ్మ తలూపి వచ్చేసింది. మర్నాడే కూతుర్ని వేరే ఊళ్లో చిన్న నర్సింగ్ హోముకు తీసుకెళ్లి, నెలలు నిండాయని చెప్పింది. వాళ్లు పాత కాగితాలైనా అడక్కుండా నొప్పుల మందు ఎక్కించారు. పుష్పావతి అమ్మ ముఖం చూసి నోరు మూసుకుంది.

మగబిడ్డ. పుట్టగానే ఏడవలేదు, మూలిగాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి లాక్కుపోయాయి. అప్పట్నుంచీ కోలారు ఆస్పత్రిలో గాలి మిషను మీదే ఉన్నాడు. ఒకరోజు తేరుకుంటే రెండు రోజులు దిగజారాడు. ఇక్కడ మైల తీరింది, పురుగు వచ్చింది, ఆకు మేసింది, గూడు కట్టింది. మనవణ్ణి ఆమె అద్దంలోంచి తప్ప చూడలేదు.

రాగిసంగటి తిని మళ్లీ పురుగుల ఇంట్లోకి వెళ్లిన కాసేపటికి ఫోను మోగింది. అల్లుడు పురుషోత్తమ్.

"అత్తా, పోయినాడు. ఇంగ ఊపిరి లాగలేకపోయినాడు."

పుష్ప ఎట్లా ఉందని అడిగింది. బిడ్డను ఇప్పుడే మొదటిసారి చేతికిచ్చారట. తిరిగి ఇవ్వనంటోందట.

మునియప్ప గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఇంట్లో చావు మైల వచ్చింది, ఆమె లోపల ఉండకూడదు. ఎవరూ చెప్పకుండానే ఆమె బయటికొచ్చి మెట్టు మీద కూలబడింది. ఆగి ఉంటే ఈ వారమే కాన్పు.

"పురుక్కి ఆగమంటిని," అంది. "నా బిడ్డ కడుపుకి ఆగలేకపోయినాను."

మునియప్ప ఆమెను లేవదీసి, కోలారు బస్సుకు పోదామన్నాడు. పురుగుల ఇంటి తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టాడు.

లోపల చంద్రికె అంచున, పొద్దున ఆమె కోసి చూసిన గూడు అలాగే తెరుచుకుని ఉంది.