టేపు రెండో కొస

చెవుల డాక్టరుగారి పరీక్షగదిలో గోడ పగిలింది. పగిలిందంటే కూలిపోయిందని కాదు. రెండు జిప్సం బోర్డులు కలిసేచోట, నేల నుంచి కప్పు దాకా, ఎవరో పెన్సిలుతో గీసినట్టు ఒక గీత. గోరు పెడితే దూరుతోంది.

"పక్కగదిలో ఎవరైనా దగ్గితే, ఇక్కడ వినికిడి పరీక్షకు కూర్చున్నాయన వినబడిందని మీట నొక్కుతున్నాడు," అంది డాక్టరమ్మ. "చెవులు భేషుగ్గా ఉన్నాయని రాసి పంపించెయ్యమంటారా?"

లప్పం పెద్దాయన గీత పక్కన వేలితో తట్టి చూశాడు. బోర్డుల అతుకులకు లప్పం పట్టి నునుపు చేయడం ఇరవై ఆరేళ్లుగా ఆయన పని. ఆ పనే ఆయనకు పేరైంది. ఇన్నేళ్లలో ఫలానా అతుకు విడిందని ఎవరూ ఆయన్ని వెనక్కి పిలవలేదు. ఇదే మొదలు. ఎందుకు విడిందో ఆయనకు తెలుసు.

డాక్టరమ్మ వెళ్లాక, భవనం పనులు చూసే సూపర్‌వైజరు గీత వెంట వేలు నడిపించాడు.

"టేపు వేశావా బాబాయ్?"

"లేదు."

"టేపు లేకపోతే అతుకు బీటలిస్తుందని మా అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పినవాడివి నువ్వేగా?"

"నేనే."

"మరి?"

పెద్దాయన వంగి గీత కింది కొస తడిమాడు.

టేపు వేయడం ఆయనా, భార్యా ఇద్దరూ కలిసి చేసే పని. ఆయన అతుకు పొడవునా తడి లప్పం పరిచి స్టూలెక్కేవాడు. కాగితం టేపు పై కొస ఆయన చేతిలో, కింది కొస భార్య చేతిలో. ఆయన అదుముతూ దిగేదాకా ఆవిడ బిగువు సడలనిచ్చేది కాదు. "ఏమయ్యా, అక్కడ గాలి దూరింది," అనేది. చూస్తే అక్కడ నిజంగానే చిన్న బుడగ ఉండేది.

ఆవిడ పోయి ఏడు నెలలు. పోయాక ఆయన పట్టుకున్న మొదటి పని ఈ గదే. ఆరోజు టేపు పైన అంటించేసరికి కింది కొస మెలికపడి, లప్పమంతా ఆయన చొక్కాకు పులిమి నేలమీద పడింది. దాన్ని ఉండచుట్టి సంచిలో పడేశాడు. వట్టి లప్పంతోనే అతుకు పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, రంగులవాళ్లకు అప్పజెప్పాడు. చూపుకు అద్దంలాగే ఉంది.

"పిన్ని ఉన్నప్పుడు..." అని సూపర్‌వైజరు ఆగాడు. "సరే, రేపట్నుంచి నీకు తోడు ఇంకో మనిషిని వేస్తాను. పై అంతస్తులో పనిచేస్తున్నాడే, ఆ మాటకారిని."

"వద్దు."

"పోనీ అంటుకునే వల టేపు తెచ్చుకో. ఒక్కడివే వేసుకోవచ్చు."

"అది మీ పిన్నికి నచ్చేది కాదు."

సూపర్‌వైజరు నిట్టూర్చాడు. "నాకూ పైవాళ్లున్నారు బాబాయ్. సాయంత్రానికి ఒక్కడివే కాగితం టేపు నిలబెట్టి చూపించు. లేదంటే రేపు అతనొస్తాడు. ఇంక నాతో వాదన పెట్టుకోకు."

ఆ రెండో కొసను మరో చెయ్యి పట్టుకోవడం పెద్దాయన ఊహించుకోలేకపోయాడు. తలుపు మూసి, పాత లప్పం గీకి, గాడి శుభ్రం చేసి, కొత్త లప్పం కలిపాడు.

మధ్యాహ్నం దాటేసరికి రెండు టేపులు పాడయ్యాయి. ఒకటి చినిగింది, రెండోది పక్కకి వాలిపోయింది. మూడోది తడిపి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పైనుంచే ఎందుకు మొదలుపెట్టాలి? ఇన్నేళ్లూ పైనుంచి మొదలుపెట్టారంటే కింద ఆవిడ ఉంది గనక. టేపు నడిమిభాగం చూసుకుని ఛాతీ ఎత్తున గోడకు అదిమాడు. పై సగం భుజం మీద వేసుకున్నాడు. కింది సగం దానంతటదే తిన్నగా వేలాడింది. నడుమ నుంచి పైకి ఒకసారి, నడుమ నుంచి కిందికి ఒకసారి వెడల్పాటి లప్పం బ్లేడు లాగాడు.

టేపు నిలిచింది. పట్టుమని పావుగంట కూడా పట్టలేదు.

ఆయన బకెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నాడు. ఆవిడ లేకపోతే జరగని పని ఒకటి ఉందన్న మాట ఈ ఏడు నెలలూ ఆయనకు ఆసరాగా ఉంది. ఇప్పుడు ఆ మాటా లేదు.

కాసేపటికి లేచి అతుకంతా వేలితో తడిమాడు. మోకాలి ఎత్తున చిన్న బుడగ తగిలింది.

"గాలి దూరింది," అన్నాడు పైకే.

చప్పుడు నిలవకుండా కట్టిన గది అది. మాట నోరు దాటగానే అణగిపోయింది. బుడగను బ్లేడుతో కిందికి నెట్టేశాడు.

సాయంత్రం సూపర్‌వైజరు లైటు పక్కనుంచి వేసి కొస నుంచి కొస దాకా చూశాడు.

"టేపే. ఒక్కడివే వేశావా?"

"ఒక్కణ్ణే."

"నెగ్గావు బాబాయ్. అతన్ని రావద్దని చెప్పేస్తాలే."

పెద్దాయన బ్లేడు నీళ్లలో ముంచి, అంచుకు అంటిన లప్పాన్ని వేలితో తీస్తున్నాడు.

"రమ్మను."

"ఎవర్ని?"

"ఆ మాటకారినే. రేపు టేపు మీద లప్పం రెండో కోటు ఉంది."

"రెండో కోటుకి టేపేముంది, పట్టుకోడానికేముంది? దానికి ఇద్దరెందుకు?"

పెద్దాయన టేపు మీద ఇందాక బుడగ తగిలిన చోటుకేసి చూశాడు. బకెట్టులో నీళ్లు తెల్లబడుతున్నాయి.

"పొద్దున్నే రమ్మను," అన్నాడు.