ఓబులమ్మ పెరటి వాన

రోజూ మధ్యాహ్నం మూడు దాటితే ఓబులమ్మ పెరట్లో వాన మొదలవుతుంది. ఆ వేళకు ఆమె ఎండుమిరపకాయల చాట, పిడకల గంప లోపలికి చేర్చుకుని, పెరటి పనస చెట్టును నాలుగు తిట్టి, టీ పెట్టుకుంటుంది. చెట్టు కొమ్మలు ఎంత మేర పరుచుకున్నాయో వానా అంత మేరే. గోడ అవతల వీరప్ప ఇంట్లో చినుకు పడదు. బెళుగుప్ప ఊర్లో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. బిందెలు తెచ్చి పట్టుకుపోయేవారు, అంతే.

ఆ చెట్టు కోడలు పద్మప్రియది. శివమొగ్గ అడవుల పక్క ఊరి పిల్ల. కాపురానికి వస్తూ కొంగున పనస గింజలు ముడేసుకొచ్చింది. ఈ ఎర్రనేలలో అదెక్కడ మొలుస్తుందని అందరూ నవ్వారు. మొలిచింది సరే, పుట్టింటి వానను కూడా వెంట తెచ్చుకుంది. అప్పట్నుంచీ పెరడంతా బురద, బురద నిండా కప్పలు.

"మీ ఊర్లో ఎండే చెట్టే దొరకలేదా మే నీకు?" అని అత్త సణిగేది.

"ఎండేవి మీ ఊర్లో ఉండాయి కదత్తా," అని కోడలు అనేది. ఇద్దరికీ ఇన్నేళ్లుగా అదే కాలక్షేపం.

ఈ ఏడు చెట్టు తొలికాపు కాసింది. ఈ ఏడే, విత్తనం వేసిన నాడు పడిన వాన మళ్లీ ముఖం చూపలేదు. శెనక్కాయ ఊడలు దిగే వేళకు చేలు వాడిపోయాయి. నలుగురు చేరిన చోట వీరప్ప తేల్చేశాడు.

"మనూరి మబ్బునంతా ఆ చెట్టే తాగుతాండాది. నరికితే గానీ వాన రాదప్పా."

అందరూ ఔనన్నారు. ఊరితో పేచీ ఎందుకని ఓబులమ్మ కొడుకు భరత్ కూడా తలూపి వచ్చాడు.

ఆ తలూపడమే పద్మప్రియకు తగిలింది. మరునాడు పొద్దున్నే చీరలు మడిచి సంచిలో పెట్టుకుంది. "సాయంత్రం బస్సుకు మా ఊరికి పోతాండానత్తా," అంది.

చెట్టును తిట్టాలన్నా, ఆ తిట్టుకు బదులు చెప్పే పిల్ల పక్కనుండాలి. ఓబులమ్మ ఆ మాటే చెబుదామనుకుంది గానీ, ఇన్నేళ్లు సణిగిన నోరు ఒక్కపూటలో మంచిమాటకు తిరగలేదు.

అంతలో వీరప్ప వచ్చాడు, వెనకే గొడ్డలితో హనుమంతరాయుడు. పండ్లు పాడవుతాయని వీరప్ప ముందు వాటిని దింపించాడు. వేప, తుమ్మ తప్ప నరికి ఎరగని హనుమంతరాయుడు చేతికి నూనె రాసుకోకుండానే పనసపండును గొడ్డలితో చీల్చి, చేత్తో విప్పాడు. తెల్లటి పాలు కారి చెయ్యి గొడ్డలికి అంటుకుపోయింది. విడిపిద్దామని పట్టుకున్న వీరప్ప చెయ్యి హనుమంతరాయుడి చేతికి అంటుకుంది.

"ఇదేం బంకప్పా," అన్నాడు వీరప్ప. "ఓబులమ్మా, రోంత నూనె తీసుకురా."

"ఇంట్లో చుక్క నూనె లేదన్నా," అంది ఓబులమ్మ, నిండు డబ్బాను వీపుతో కప్పి నిలబడి. "కొట్టు నుంచి తెప్పిస్తా. అంతదంకా ఊరికే ఏం నిలబడతారు, తినండి." చాటుగా తన చేతికి మాత్రం నూనె రాసుకుని, తొనలు వలిచి ఇద్దరి నోట్లోనూ పెట్టింది.

మింగారో లేదో, ఇద్దరి తలల మీదా గొడుగంత మేర వాన మొదలైంది. ఎటు జరిగితే అటే వచ్చింది.

గోడ అవతలి నుంచి వీరప్ప భార్య లక్ష్మీదేవమ్మ అరిచింది. "ఏమయ్యా, ఆ నీళ్లు ఈడ పారబోస్తాండావే? చేనికి నడువు."

ఒక గొడ్డలి, రెండు చేతులు, పక్కపక్క సాళ్లలో ఇద్దరు మగవాళ్లు. వాళ్లు నడిచిన మేరకు శెనక్కాయ తలెత్తింది. అది చూసి ఊరంతా నూనె గిన్నెలు పట్టుకుని ఓబులమ్మ పెరట్లో వరుస కట్టింది. చెట్టు నరకాలన్న మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు. వీరప్ప అయితే ఇంకో నాలుగు తొనలు పంపమని చేన్లోంచి కబురు పెట్టాడు.

అయినా సాయంత్రానికి పద్మప్రియ సంచి వాకిట్లోకి వచ్చింది.

"చెట్టు నరకరు కదా మే. ఇంకేంది?" అంది ఓబులమ్మ.

"ఈ పొద్దు నరకరు. రేపు ఇంకెవరో వచ్చి నరకమంటే మీ కొడుకు మళ్లా తలూపుతాడు."

భరత్ నేలచూపులు చూశాడు.

ఆ వాసనే పడదని అంతవరకూ పనసతొన ముట్టని ఓబులమ్మ, ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలి మింగి, తిన్నగా వచ్చి కోడలి సంచి మీద కూర్చుంది. వాన వచ్చింది. సంచిలోని చీరలు అడుగు దాకా తడిసిపోయాయి.

"తడిబట్టలతో పంపిస్తే మీవాళ్లు నన్నేమనుకుంటారు?" అంది, ముక్కు మీంచి నీళ్లు కారుతుండగా. "ఆరినాక పోదువులే."

పద్మప్రియ అత్తను చెయ్యి పట్టి లేపింది. తర్వాత చీరలన్నీ తీసి పిండింది. పడసాలలో దండెం ఖాళీగానే ఉన్నా, పెరట్లోకి తీసుకెళ్లి పనస చెట్టు కింద ఆరేసింది.