వందలో తొమ్మిది

ఆ సోమవారం మహితకు క్లాసులో కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. పక్కన కూర్చున్న శ్రీహిత విసుగొచ్చి పెన్ను లాక్కుంది. అప్పుడు మహిత చున్నీ అంచు వేళ్ళకు చుట్టుకోవడం మొదలుపెట్టింది.

ముందురోజు వాళ్ళ పల్లెకు ఆడవాళ్ళకు పరీక్షలు చేసే బస్సు వచ్చింది. చంద్రగిరి దాటాక మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది ఆ పల్లె. రొమ్ము క్యాన్సర్ అనుమానం ఉందేమో ఊరికే చూసి చెప్తారని చాటింపు వేస్తే, మహిత తల్లి మునిలక్ష్మి, పెద్దమ్మ చంద్రకాంతమ్మ కలిసి వెళ్ళారు. చివర్లో నర్సు ఇద్దరినీ పక్కకు పిలిచి, "అనుమానంగా ఉందమ్మా, గురువారం తిరుపతి పెద్దాసుపత్రికి వచ్చి ఇంకో పరీక్ష చేయించుకోండి" అంది. మునిలక్ష్మి ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. ఆ పూట సంగటి అడుగంటింది. తల్లి చేతిలో సంగటి అడుగంటడం మహిత ఎప్పుడూ చూడలేదు.

మహిత తిరుపతిలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. రోజూ బస్సులో వచ్చి పోతుంది. ఆ రోజు లెక్కల సార్ దేవనాథన్ ప్రాబబిలిటీ లెక్కల కాగితం పంచాడు. పోటీ పరీక్షలకు పోయేవాళ్ళ కోసం ఆయన సొంతంగా తయారుచేసిన కాగితం అది. పదకొండో లెక్క దగ్గరికి వచ్చేసరికి మహిత చేతులు ఆగిపోయాయి.

ఒక ఊళ్ళో నూటికి ఒకరికి ఒక జబ్బు ఉంది. జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి తొంభై మందిని పరీక్ష పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్ళలోనూ నూటికి తొమ్మిది మందికి ఉన్నట్టే పొరపాటుగా చూపిస్తుంది. ఒకామెకు పరీక్షలో ఉన్నట్టు వచ్చింది. ఆమెకు నిజంగా జబ్బు ఉండే సంభావ్యత ఎంత?

"తొంభై శాతం సార్!" వెనక బెంచీలోంచి మునికుమార్ అరిచాడు.

"తొందరపడతావేందప్పా? సూత్రం తర్వాత. ముందు వెయ్యిమందిని ఎదురుగా నిలబెట్టుకో" అన్నాడు దేవనాథన్.

మహిత నిలబెట్టుకుంది. వెయ్యిమందిలో జబ్బున్నవాళ్ళు పదిమంది. వాళ్ళలో తొమ్మిదిమందిని పరీక్ష పట్టుకుంటుంది. మిగిలిన తొమ్మిదివందల తొంభైమందికి ఏ జబ్బూ లేదు, కానీ వాళ్ళలోనూ ఎనభైతొమ్మిదిమందికి ఉన్నట్టు వస్తుంది. మొత్తం తొంభై ఎనిమిది మందిని భయపెడితే, నిజంగా భయపడాల్సినవాళ్ళు తొమ్మిదిమంది. అంటే వందలో ఇంచుమించు తొమ్మిది.

మళ్ళీ చేసింది. అదే వచ్చింది. సూత్రంలో వేసి చూసింది. అదే.

"వందలో తొమ్మిది సార్" అంది లేచి నిలబడి. గొంతు కొంచెం పెద్దదైంది. పిల్లలు వెనక్కి తిరిగి చూశారు.

"సరే. తొమ్మిది. మిగతా తొంభై ఒక్కమంది రెండో పరీక్షకు పోయి నవ్వుకుంటా ఇంటికొస్తారు" అన్నాడు సార్.

సాయంత్రం బస్సు చంద్రగిరి కోట మలుపులో నిలబడిపోతే ఆమెకు దిగి పరుగెత్తాలనిపించింది. ఇంటికి చేరేసరికి మునిలక్ష్మి ఆవుకు కసువు వేస్తోంది. పుస్తకాల సంచి కూడా దించకుండా మహిత అంతా చెప్పింది. వెయ్యిమందిని, తొమ్మిదిమందిని, ఎనభైతొమ్మిదిమందిని వేళ్ళమీద చూపించింది.

"అంటే?" అంది మునిలక్ష్మి.

"అంటే వందలో తొంభై ఒక్క వంతు నీకేమీ లేనట్టే మా."

"పుస్తకంలో ఉండాదా ఇది?"

"ఉండాది. మా సారు కూడా సరే అన్నాడు."

మునిలక్ష్మి చేతిలోని కసువు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి చంద్రకాంతమ్మ ఇంటికి వెళ్ళి ఆమెకూ చెప్పి వచ్చింది. ఆ పూట గొడ్డుకారం నూరింది, భర్తను ఎగతాళి చేసింది, ఎప్పటికన్నా ముందే పడుకుంది.

గురువారం వచ్చింది. సాయంత్రం కాలేజీ నుంచి ఇల్లు చేరిన మహితకు తల్లి టమోటా తోటలోంచి వస్తూ ఎదురైంది.

"ఆసుపత్రికి పోలేదా మా?"

"నువ్వే గద మే సెప్పినావు ఏమీ లేదని. కాయలు పండి రాలిపోతా ఉండాయి. కూలోళ్ళు యాడ దొరుకుతారు?"

"ఏమీ లేదని నేను చెప్పలేదు. ఉండకపోవచ్చు అన్న్యా."

"రెండూ ఒకటే" అని మునిలక్ష్మి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

తండ్రి ధర్మేంద్ర కూడా అదే మాట. "ఆసుపత్రికి పోతే లేని రోగం గూడా సెప్తారు పాపా. ఆమె బాగానే ఉండాది గదా. నువ్వు సదువుకో పో."

చదువు ఎక్కడం లేదు. పుస్తకం తెరిస్తే కళ్ళు ఒకే వరుస మీద తిరుగుతున్నాయి. తొమ్మిది చిన్న అంకె అని సోమవారం అనిపించింది. ఇప్పుడు వందమంది ఆడవాళ్ళు వాళ్ళ వీధిలో నిలబడ్డట్టు, వాళ్ళలో తొమ్మిదిమంది మొహాలు తనకు కనబడకుండా తిప్పుకున్నట్టు అనిపిస్తోంది.

అంతలో చంద్రకాంతమ్మ వచ్చింది. ఆమె కొడుకు కిరణ్ బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించుకొచ్చాడు.

"నాకేమీ లేదంట మునిలక్ష్మీ! స్కానింగ్ తీసినారు, ఏమీ లేదన్నారు. మీ పాప లెక్క గట్టిదే!" అంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. "ఆ డాక్టరమ్మ ముందే అడిగింది, సేతికి గడ్డ మాదిరి ఏమన్నా తగిలిందా అని. నాకేమీ తగల్లేదమ్మా అన్న్యా. అయితే మంచిదే అనింది."

మునిలక్ష్మి చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. ఆ మాటతో ఆమె వేళ్ళు ఆగాయి. ఎడమ చేయి ఒక్క క్షణం రొమ్ము దాకా పోయి, పైట సర్దుకున్నట్టు చేసి కిందికి దిగింది. చంద్రకాంతమ్మ చూడలేదు. మహిత చూసింది.

పెద్దమ్మ వెళ్ళిన తర్వాత మహిత తల్లి పక్కన కూర్చుంది. "మా, నీకు తగిలిందా?"

"ఏంది?"

"గడ్డ."

మునిలక్ష్మి లేచి చాట ఎత్తుకుంది. మహిత చాట పట్టుకుని వదల్లేదు. చిక్కుళ్ళు కింద పడ్డాయి.

"గంగజాతర అప్పుడు" అంది మునిలక్ష్మి చివరికి, పడ్డవి ఏరుతూ. "నీళ్ళు పోసుకుంటా ఉంటే తగిలింది. రేగ్గాయంత. నొప్పేమీ లేదు. మీ నాయనకు సెప్పొద్దు."

గంగజాతర ఎండాకాలంలో జరిగింది. ఇప్పుడు వానాకాలం కూడా అయిపోవస్తోంది.

మర్నాడు మహిత మొదటి గంట కొట్టక ముందే స్టాఫ్ రూము ముందు నిలబడింది. దేవనాథన్ నుదుటి మీద నామం ఇంకా తడిగా ఉంది. 

"సార్, పదకొండో లెక్కలో ఒక డౌటు."

"అందరికన్నా ముందు నువ్వే చేసినావు గదమ్మా."

"ఆమెకు ముందే చేతికి గడ్డ తగిలి ఉంటే ఎట్ల సార్? గడ్డ తగిలినందుకే పరీక్షకు పోయి ఉంటే?"

ఆయన కళ్ళద్దాలు తీసి ఆ పిల్ల మొహం చూశాడు. కుర్చీ చూపించి తెల్లకాగితం ముందుకు జరిపాడు.

"నూటికి ఒకరు అన్నాం. ఎవరిలో నూటికి?"

"ఊళ్ళో ఉన్నోళ్ళందరిలో."

"గడ్డ తగిలినామె ఊరందరి మాదిరి కాదు గదా. అట్లాంటోళ్ళను వేరేగా నిలబెట్టాల. వాళ్ళలో నూటికి పదిమందికి జబ్బు అనుకో. ఊరికే అనుకుంటా ఉన్నాను. అసలు సంఖ్య డాక్టర్లకు తెలుస్తుంది. ఇప్పుడు చెయ్యి."

వెయ్యిమందిలో వందమంది. వాళ్ళలో తొంభైమందిని పరీక్ష పట్టుకుంటుంది. మిగిలిన తొమ్మిదివందలమందిలో పొరపాటుగా ఎనభై ఒక్కమంది. నూటడెబ్బై ఒక్కరిలో తొంభై. మహిత భాగహారం చేయలేదు. చేయక్కర్లేదు.

"సగం దాటింది సార్."

"దాటింది."

"సోమవారం నేను తప్పు చేసినానా?"

"నీకు తెలిసినదానితో సరిగ్గానే చేసినావు. తెలియంది ఇప్పుడు తెలిసింది. తెలిసినాక పాత జవాబు పట్టుకోకూడదు, అంతే." ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "మీ అమ్మేనా?"

మహిత తల ఊపింది. దేవనాథన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు. లేచి వెళ్ళి ప్రిన్సిపాల్ దగ్గర ఆమెకు బయటకు వెళ్ళే అనుమతి తెచ్చాడు. "సాయంత్రం దాకా ఏంటికి? ఇప్పుడే పో తల్లీ" అన్నాడు.

తోటలో మునిలక్ష్మి గట్టు మీద కూర్చుని కాయలు ఏరుతోంది. మంచివి క్రేట్లలో, మచ్చ పడ్డవి పక్కన. రెండు సాళ్ళ అవతల ధర్మేంద్ర కట్టెలకు ఇనప తీగలు కడుతున్నాడు. ఆ వేళప్పుడు కూతురిని చూసి మునిలక్ష్మి గాభరాగా లేచింది.

"మా, నేను చెప్పిన తొమ్మిది నీకు పనికిరాదు" అంది మహిత వగరుస్తూ.

"ఏంది, మళ్ళీ లెక్కా?"

మహిత చుట్టూ చూసింది. "ఈ చేనంతట్లో కళ్ళు మూసుకుని ఒక కాయ కోస్తే అది చెడిపోయిందయ్యేది తక్కువ గదా? అదే, ఆ పల్లంలో నీళ్ళు నిలిచిన సాలులో కోస్తే?"

"ఆడ సగం పోయినాయి" అంది మునిలక్ష్మి. అన్న తర్వాత గాని కూతురు ఏమంటోందో ఆమెకు తట్టలేదు. తట్టగానే మొహం ఎర్రబడింది. "అంటే నేను పల్లంలో కాయనా? కుళ్ళిపోయినానా? కన్నతల్లితో అనే మాటేనా మే ఇది?"

"అట్ల కాదు మా..."

"పోతావా లేదా ఈడినుంచి!"

అరుపు విని ధర్మేంద్ర తీగ చేతిలోనే పట్టుకుని వచ్చాడు. "ఏందబ్బా ఇది? పట్టపగలు చేలో రచ్చ?"

మహిత తల్లి వైపు చూసింది. వచ్చేటప్పుడు బస్సులో పేర్చుకున్న మాటలన్నీ పోయాయి. "నాకు భయంగా ఉండాది మా. కూర్చోలేకపోతా ఉండాను. పుస్తకం తెరవలేకపోతా ఉండాను. లెక్క వద్దు, ఏమీ వద్దు. నాతో రా" అని ఏడుపు మొదలుపెట్టింది.

మునిలక్ష్మి మళ్ళీ గట్టు మీద కూర్చుంది. భర్త మొహం చూడకుండా, మట్టి వైపు చూస్తూ చెప్పింది. "గడ్డ ఉండాది. జాతర అప్పటి నుంచి."

ధర్మేంద్ర తీగ కింద పెట్టాడు. "నాకేంటికి సెప్పలేదు?"

"సెప్తే నువ్వు నిద్దరపోవు. నువ్వు అట్ల మేలుకోని సూస్తా ఉంటే నేను బతికినట్టు ఉండదు." అని కూతురి వైపు తిరిగింది. "నువ్వు సెప్పింది నాకు సరిపోదని ఆ పొద్దే తెలుసు మే. గడ్డ సంగతి నీకు సెప్పలేదు గదా, నీ లెక్క నాకెట్ల సరిపోతాది? తెలిసే పట్టుకున్యా. మూణ్ణాలుగు పొద్దులు కడుపు నిండా తిని పడుకున్యా. అది గూడా ఉండనీలేదు నువ్వు."

మహిత తల్లి ఒడిలో తల పెట్టింది. మునిలక్ష్మి చేతికున్న టమోటా ఆకు పసరు ఆ పిల్ల జుట్టుకు అంటింది. ధర్మేంద్ర వాళ్ళ పక్కన నిలబడి, కూర్చోబోయి, మళ్ళీ లేచి, క్రేట్లు ఒకదాని మీద ఒకటి ఎత్తడం మొదలుపెట్టాడు. సగం నిండని క్రేట్లు కూడా ఎత్తాడు.

సోమవారం ముగ్గురూ పెద్దాసుపత్రికి వెళ్ళారు. స్కానింగ్ తీశారు, సూది గుచ్చి ముక్క తీసుకున్నారు. ఫలితానికి కొన్నాళ్ళు ఆగమన్నారు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ ఒకచోట నిలవలేదు. ధర్మేంద్ర తోటకు పోయి, మందు డబ్బా ఇంట్లో మరిచిపోయి, తిరిగొచ్చి, ఎందుకొచ్చాడో మరిచిపోయాడు. మునిలక్ష్మి తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

ఫలితం చెప్పే రోజు ధర్మేంద్ర లోపలికి రాలేదు. గేటు దగ్గర టీ బంకు ముందు నిలబడిపోయాడు. మహిత తల్లి చేయి పట్టుకుని డాక్టరమ్మ ఎదుట కూర్చుంది.

"క్యాన్సరేనమ్మా" అంది డాక్టరమ్మ. వెంటనే, "చిన్నదిగానే ఉంది. చంకలోకి పాకినట్టు స్కానింగులో కనబడలేదు. ఆపరేషన్ చేస్తాం, తర్వాత మందు ఎక్కిస్తాం. నయమయ్యే దశలోనే వచ్చారు. ఇంకో ఏడాది ఊరుకుని ఉంటే ఈ మాట నేను చెప్పగలిగేదాన్ని కాదు" అంది.

మునిలక్ష్మి ఏడవలేదు. "ఆపరేషన్ అయినాక కుడిచేత్తో పని చేసుకోవచ్చునా?" అని అడిగింది. గడ్డ ఎడమ వైపే ఉందని డాక్టరమ్మ చెప్పాక, అవును గదా అనుకుని తల ఊపింది. బయటకు వచ్చి గేటు దాకా నడిచాక, భర్త చేతిలో టీ గ్లాసు చూసి, అప్పుడు ఏడ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మందు ఎక్కించడం మొదలైన తర్వాత ఆమె జుట్టు రాలింది. నోటికి అన్నం సయించేది కాదు. చంద్రకాంతమ్మ రోజూ చారు కాచి తెచ్చి, తాగేదాకా కదిలేది కాదు. మహిత కాలేజీకి సగం రోజులే వెళ్ళింది. మిగతా రోజుల పాఠాలు శ్రీహిత ఫోనులో పంపేది. దేవనాథన్ సార్ ఎప్పుడైనా ఫోను చేసేవాడు. మునిలక్ష్మి ఎలా ఉందని అడిగి వెంటనే పెట్టేసేవాడు.

పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. ఒక ఉదయం మహిత అరుగు మీద కూర్చుని చదువుకుంటుంటే మునిలక్ష్మి తలకు తువ్వాలు చుట్టుకుని వీధిలోకి దిగింది.

"యాడికి మా?"

"తోటకు. ఊరికే. సూసి వస్తా."

"ఎండలో తిరగొద్దన్నారు గదా!"

"పడుకోని పడుకోని పిచ్చెక్కతా ఉండాది. నువ్వు సదువుకో."

"నువ్వు పడుకుంటే చదువుకుంటా."

మునిలక్ష్మి వెనక్కి తిరగలేదు. మహిత పుస్తకం చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గరున్న గొడుగు తీసుకుని పరుగెత్తింది. తల్లిని అందుకుని నెత్తి మీద గొడుగు పట్టింది. మునిలక్ష్మి గొడుగును పక్కకు నెట్టింది. మహిత మళ్ళీ పట్టింది. అట్లా తోసుకుంటూనే ఇద్దరూ తోట దారి పట్టారు.